మంచం పక్కన ఉన్న మనిషికీ ఒక మనిషి కావాలి

(ఒడిశాలోని బరంపురంలో తెలుగువారి సభలో ఒక విశ్రాంత నర్సు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

సభకు నమస్కారం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులున్న అమ్మలు, అయ్యలు ముందుకొచ్చి కూర్చోండి. మొహమాటపడకండి.

ఇంట్లో పెద్దవాళ్ళనీ, దివ్యాంగుల్నీ ఎలా చూసుకోవాలో చెప్పమని నన్ను పిలిచారు. చెప్తాను. అయితే మంచం మీద ఉన్న మనిషితో పాటు మంచం పక్కన ఉన్న మనిషి గురించి కూడా చెప్తాను. ఆమె గురించి ఏ సభలోనూ ఎవరూ మాట్లాడరు.

ఆమె అని తెలిసే అంటున్నాను. బరంపురం వీధుల్లో కానీ, పర్లాకిమిడిలో కానీ, గోపాలపూర్ వైపు పల్లెల్లో కానీ నేను వెళ్ళిన ఇళ్ళలో దాదాపు ప్రతిచోటా చూసుకునేది ఒక్క ఆడమనిషి. కోడలో, పెళ్ళి కాని కూతురో, తనే డెబ్భై దాటిన భార్యో. కొడుకులు సూరత్‌లో మరమగ్గాల మీద ఉంటారు, లేదంటే విశాఖ, హైదరాబాద్, బెంగళూరు. నెల తిరిగేసరికి డబ్బు పంపిస్తారు, రోజూ వీడియో కాల్ చేస్తారు. వాళ్ళని నేను తప్పు పట్టను, బతుకుదెరువు అక్కడే ఉంది. కానీ వీడియో కాల్‌లో నాన్నని ఒత్తిగిల్లించలేం కదా.

పెద్ద జబ్బు చేస్తే ఆసుపత్రికి దారి ఉంది. 108కి ఫోన్ చేస్తే బండి వస్తుంది. పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరు మీద 1962 నుంచి మనకి మెడికల్ కాలేజీ ఉంది. డెబ్భై ఏళ్ళు దాటినవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ కార్డు ఇవ్వడం 2024 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టింది. ఒడిశా కూడా 2025లో ఆ పథకంలో చేరింది. ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం. చాలా మంచి పని, కార్డు లేనివాళ్ళు వెంటనే తీసుకోండి. కానీ ఆ కార్డు ఆసుపత్రిలో చేరితేనే పనిచేస్తుంది. డిశ్చార్జి అయి ఇంటికొచ్చాక నెలలు, ఏళ్ళు నడిచే చాకిరీకి అందులో పైసా లేదు. డైపర్లకి లేదు, అటెండెంటు జీతానికి లేదు.

డిశ్చార్జి రోజు ఎలా ఉంటుందో మీకు తెలుసు. చేతిలో ఫైలు, పేషెంటుకి ముక్కులో పైపు, మంచం పక్కన యూరిన్ బ్యాగ్. "ఇంటికి తీసుకెళ్ళండి, జాగ్రత్తగా చూసుకోండి" అంటారు. ఆ జాగ్రత్త ఏమిటో చేతులతో చేసి చూపించడం మాత్రం దేశమంతటా తక్కువే. అందుకే ప్రతి ఇంటివాళ్ళనీ ఒకటి బతిమాలుతున్నాను. డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టే ముందు, "సిస్టర్, పైపులో పాలు నేను పోస్తాను, మీరు పక్కనుండి చూడండి. ఈ బ్యాగ్ నేను ఖాళీ చేస్తాను, సరిగ్గా చేశానో లేదో చెప్పండి" అని అడగండి. ఎంత పని ఒత్తిడిలో ఉన్నా, అలా అడిగితే కాదనే నర్సు అరుదు. యూరిన్ బ్యాగ్ ఎప్పుడూ పొత్తికడుపు కంటే కిందే ఉండాలి, అలాగని నేలకి తగలకూడదు. ఈ ఒక్క మాట తెలియక ఎంతమందికి ఇన్‌ఫెక్షన్ వచ్చి మళ్ళీ ఆసుపత్రిలో చేరారో.

ఇప్పుడు వీపు పుండ్ల సంగతి. దీని మీద కాస్త ఎక్కువ సేపు మాట్లాడతాను, ఓపిక పట్టండి. మంచాన పడ్డ మనిషిని జబ్బు కంటే ముందు ఈ పుండ్లే తీసుకుపోవచ్చు.

కదలలేని మనిషి వెల్లకిలా పడుకుంటే నడుం కింది ఎముక దగ్గర, మడమల దగ్గర, తల వెనక బరువు పడుతుంది. పక్కకి పడుకుంటే తుంటి దగ్గర, చీలమండ దగ్గర. ఎముకకీ పరుపుకీ మధ్య చర్మం నలిగి, దానికి రక్తం అందదు. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్ళీ ఎర్రబడిందంటే ఇంకా మన చేతిలో ఉంది. నొక్కినా ఎరుపు అలాగే ఉందంటే పుండు మొదలైనట్టే. మనలో చాలామందిది చామనఛాయ, నలుపు. మన ఒంటి మీద ఎరుపు సరిగ్గా కనపడదు. అప్పుడు చేత్తో తడమండి. చుట్టుపక్కల కంటే వేడిగానో గట్టిగానో తగులుతుంది. స్నానం చేయించేటప్పుడు రోజూ ఇది చూడాలి.

అక్కడ నూనె రాసి మర్దన చేయకండి. ప్రేమ కొద్దీ మనవాళ్ళు మొదట చేసే పని అదే, కానీ నలిగిన చర్మాన్ని ఇంకా నలిపినట్టవుతుంది. గాలి ఊదే గుండ్రటి ట్యూబ్ కూడా పెట్టకండి. దాని అంచు చుట్టూ నొక్కుకుపోయి మధ్యలో చర్మానికి రక్తం రానివ్వదు. పౌడర్ గుమ్మరించకండి, చెమటకి ఉండకట్టి గరుకవుతుంది.

మరి ఏం చేయాలి? రెండు గంటలకోసారి తిప్పాలి. ఎలా తిప్పాలి? ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత నూలు చీర ఒకటి తీసుకోండి. నాలుగు మడతలు వేసి భుజాల నుంచి తొడల దాకా మనిషి కింద పరిచి ఉంచండి. పైకి జరపాలన్నా పక్కకి జరపాలన్నా ఇద్దరు చెరో పక్కా ఆ చీర అంచు పట్టుకుని జరపాలి. ఒంటిని లాగితే చర్మం పరుపుకి రాసుకుని లేస్తుంది, చీరని లాగితే లేవదు. ఒక్కరే ఉంటే, అవతలి వైపు మోకాలు మడిచి, అవతలి చెయ్యి ఛాతీ మీద వేసి, భుజమూ తుంటీ పట్టుకుని మీ వైపుకి మెల్లగా దొర్లించండి. వీపు వెనక ఒక దిండు, మోకాళ్ళ మధ్య ఒక దిండు. నిటారుగా పక్కకి పడుకోబెట్టకండి, కొంచెం వాలుగా ఉంచితే తుంటి ఎముక మీద బరువు పడదు. మడమలు పరుపుకి తగలకుండా పిక్కల కింద మడత దుప్పటి పెట్టండి. పక్షవాతం వచ్చిన చెయ్యి పట్టుకుని మాత్రం లాగొద్దు. భుజం జారిపోయి జీవితాంతం నొప్పి పెడుతుంది.

ఇక తిప్పేవాళ్ళ నడుం మాట. మన మంచాలు పొట్టివి. రోజుకి పన్నెండు సార్లు వంగితే కోడలి నడుం ఏం కావాలి? పేషెంటు తనంతట తాను లేవలేని మనిషైతే మంచం కోళ్ళ కింద కదలకుండా ఇటుకలు పెట్టి మీ నడుం ఎత్తుకి లేపండి. వంగాల్సి వస్తే నడుం కాదు, మోకాళ్ళు వంచండి. కరెంటుతో గాలి నిండే పరుపు, ఎయిర్ బెడ్, కొనగలిగితే కొనండి. అది వేశాక, చర్మం బాగుంటే, రాత్రిపూట ఆ రెండు గంటల గడువు ఎంతవరకు పెంచవచ్చో నర్సుని అడిగి పెంచుకోవచ్చు. ఈ మాట చాలామందికి ఎవరూ చెప్పరు. రాత్రంతా అలారం పెట్టుకుని లేచే ఆడవాళ్ళని చూశాను. ఆమె నిద్ర కూడా వైద్యంలో భాగమే.

తిండి గురించి క్లుప్తంగా. పక్షవాతం తర్వాత మింగడం కష్టమైనవాళ్ళకి పల్చటి నీళ్ళతోనే ఎక్కువ ప్రమాదం. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి దించి, చిక్కటి జావో అంబలో చిన్న చెంచాతో పెట్టండి. మింగాకే రెండో చెంచా. తిన్నాక అరగంట పడుకోబెట్టకండి. తినేటప్పుడు దగ్గొచ్చినా, గొంతులో నీళ్ళున్నట్టు మాట తడిగా వినిపించినా ఆపేసి డాక్టరుకి చెప్పండి.

మతిమరుపు జబ్బు వచ్చినవాళ్ళ ఇళ్ళు వేరే. అక్కడ ఒళ్ళు బాగానే ఉంటుంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి "మా ఇంటికి పోతాను" అని చీర సర్దుకుని గుమ్మం దగ్గరకి బయల్దేరుతారు. "ఇదే కదమ్మా నీ ఇల్లు" అని వాదిస్తే కోపం పెరుగుతుంది. "పోదాంలే అమ్మా, ముందు టీ తాగుదాం" అనండి, చెయ్యి పట్టుకుని రెండు అడుగులు నడిపించండి. లైట్లు పెందలాడే వేయండి. మన ఊళ్ళో దీనికి ఇంకో చిక్కు ఉంది. జీవితమంతా బజారులో ఒడియా, ఇంట్లో తెలుగు మాట్లాడిన మనిషికి ఈ జబ్బులో తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోవచ్చు. మనం పెట్టుకున్న అటెండెంటుకి ఒడియా ఒక్కటే వచ్చు. ఆమె మంచి పిల్లే, పని తెలిసిన పిల్లే. కానీ ముసలావిడ ఆకలో, ఒంటేలుకి పోవాలో చెప్పుకోలేక అరుస్తుంది. ఇంట్లోవాళ్ళు గొడవపెట్టే మనిషి అంటారు, నిద్రమాత్ర వేస్తారు. తెలుగు, ఒడియా రెండూ వచ్చిన మన పిల్లలు హోమ్ హెల్త్ ఎయిడ్ కోర్సు చేస్తే ఈ ఊళ్ళో వాళ్ళ అవసరం ఎంతో ఉంది. ఇంటర్ అయ్యాక ఏం చేయాలో తోచక కూర్చున్న పిల్లల తల్లిదండ్రులు ఆలోచించండి. ఇది గౌరవమైన పని.

అటెండెంటుని పెట్టుకున్నవాళ్ళకి కూడా ఒక మాట. పన్నెండు గంటల డ్యూటీ అంటే పన్నెండు గంటలే. పేషెంటుని చూడ్డానికి పెట్టుకుని, ఇంటిల్లిపాది గిన్నెలూ తోమించకండి. వారానికో రోజు సెలవివ్వండి. తను తినే కంచం వేరే పెట్టే ఇళ్ళున్నాయి. అమ్మ మలమూత్రాలు ఎత్తే చేతికి మన కంచం అంటు ఎలా అవుతుంది?

ఒక ఇంటి సంగతి చెప్తాను. అత్తగారికి పక్షవాతం, కోడలు చూస్తోంది. నేను అత్తగారి బీపీ చూసి, "నీదీ చూడనీ అమ్మా" అన్నాను. "నాకేటమ్మా, నేను బాగానే ఉన్నాను" అంది. పట్టీ కట్టి చూస్తే అత్తగారి కంటే కోడలికే ఎక్కువుంది. రెండేళ్ళకోసారి వచ్చే ఠాకురాణి యాత్రలో, అమ్మవారి ఘటాలు వీధి చివరి నుంచి వెళ్తుంటే కూడా ఆమె గుమ్మం దాటలేదు. డప్పులు వింటూ లోపల డైపర్ మారుస్తోందట. ఆడపడుచులు పండక్కి వచ్చి "అమ్మ చిక్కిపోయింది వదినా" అని వెళ్ళారు. ఆ మాట ఆమెని ఎంత కోసిందో నాకు చెప్పుకుని ఏడ్చింది. అక్కచెల్లెళ్ళు, అన్నదమ్ములు ఉన్న ఇల్లయితే మనిషికో వారమో, నెలకో నాలుగు రోజులో వచ్చి చేయండి. రాలేనివాళ్ళు, నెలకి ఒక్క వారం అటెండెంటు ఖర్చు నాది అనండి. చూడ్డానికి వచ్చినవాళ్ళు యాపిల్ పళ్ళు తెచ్చి ఇవ్వడం కంటే, "నేను మూడు గంటలు కూర్చుంటాను, నువ్వు వెళ్ళి తలంటుకుని పడుకో" అనడం మేలు.

చట్టం కూడా ఈమెని చూడదు. తల్లిదండ్రుల పోషణకి 2007లో చట్టం వచ్చింది. అరవై దాటినవాళ్ళు తమ పోషణ కోసం సబ్ కలెక్టర్ దగ్గర ఉండే ట్రిబ్యునల్‌కి తెల్లకాగితం మీద అర్జీ పెట్టుకోవచ్చు. లాయరు అక్కర్లేదు. 90 రోజుల్లో తేల్చాలి, నెలకి 10 వేల దాకా ఇప్పించవచ్చు. చూసుకుంటారనే షరతు మీద ఆస్తి రాసిచ్చి, వాళ్ళు చూడకపోతే ఆ రాత రద్దు చేయించుకునే వీలు 23వ సెక్షన్లో ఉంది. ఆస్తి రాసేవాళ్ళు ఆ షరతు దస్తావేజులో రాయించుకోండి, నోటిమాట మీద వదలకండి. ఇదంతా మంచిదే. కానీ ఆ చట్టం పోషించమని చెప్పేది కొడుకుకి, కూతురికి, మనవడికి, మనవరాలికి. కోడలి పేరు అందులో లేదు. బాధ్యత కొడుకుది, చేసేది కోడలు. చేసినందుకు ఆమెకి హక్కూ లేదు, సెలవూ లేదు.

పెన్షన్ల విషయం. కేంద్రం వృద్ధాప్య పెన్షన్లో తన వాటాగా ఇచ్చేది 60 నుంచి 79 ఏళ్ళ దాకా 200 రూపాయలు, 80 దాటితే 500. ఏళ్ళ తరబడి అదే. మన ఒడిశాలో రాష్ట్రం ఇచ్చే మధుబాబు పెన్షన్ ఉంది కాబట్టి కొంత నయం. 80 ఏళ్ళు దాటినవాళ్ళకి, 80 శాతం పైన వైకల్యం ఉన్నవాళ్ళకి 2025 జనవరి నుంచి నెలకి 3,500 చేశారు. అటు ఇచ్ఛాపురం వెళ్తే, 2024 జూలై నుంచి మంచానికే పరిమితమైన మనిషికి ఆంధ్రా ప్రభుత్వం 15,000 ఇస్తోంది. గట్టిగా ఇరవై, ముప్పై కిలోమీటర్ల తేడా. మన బంధువులు అటున్నారు కాబట్టి ఈ లెక్క ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. బాధ న్యాయమైనదే, ఇక్కడ కూడా పెంచమని మనం గట్టిగా అడగాలి. కానీ అక్కడ పేరు రాయించుకుందామని ఆధార్ అడ్రసు మార్చే పని చేయకండి. చివరికి రెండు చోట్లా పేరు పోతుంది.

అసలు రావలసినదే చాలామంది అడగడం లేదు. పక్షవాతం వచ్చి కాలూ చెయ్యీ పడిపోయిన పెద్దాయనని "ముసలితనం కదా" అంటారు. చట్టం ప్రకారం ఆయన దివ్యాంగుడు కూడా. 2016 చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. సర్టిఫికెట్, దివ్యాంగుల గుర్తింపు కార్డు అయిన యూడీఐడీ తీసుకోండి, 40 శాతం, ఆపైన ఉంటే పథకాలకి పనికొస్తాయి. శాతం ఎక్కువుంటే పెన్షన్ పెరుగుతుంది. పాత పద్ధతిలో ఇన్‌కమ్ టాక్స్ కట్టే కొడుకుకి ఏడాదికి 75 వేలు, తీవ్ర వైకల్యమైతే లక్షా 25 వేలు ఆదాయంలోంచి తగ్గించుకునే వీలుంటుంది. ఇక్కడ ఒడియా భక్తకవి భీమ భోయి పేరు మీద దివ్యాంగుల శిబిరాలు పెడుతుంటారు. ఎప్పుడు, ఎక్కడ అన్నది బ్లాక్‌లో సోషల్ సెక్యూరిటీ ఆఫీసర్‌ని అడిగితే చెప్తారు. చేతికర్ర, వాకర్, వినికిడి మిషన్, వీల్‌చైర్, కట్టుడు పళ్ళు ఇచ్చే కేంద్ర పథకం, వయోశ్రీ, 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది. అది అరవై దాటిన పేదలకి. మంచాన పడ్డవాళ్ళ ఇంటికి ఆరోగ్య కార్యకర్త వచ్చి చూడాలని వృద్ధుల ఆరోగ్య కార్యక్రమంలో 2010 నుంచీ ఉంది. మీ ఆశా దీదీని అడగండి. ఒకసారి అడిగితే రాకపోతే మళ్ళీ అడగండి. ఇంట్లో పెద్దవాళ్ళని కొడుతున్నా, తిండి పెట్టకపోయినా 14567కి ఫోన్ చేయండి. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా ఎత్తుతారు. పక్కింటివాళ్ళయినా చేయొచ్చు.

పుట్టుకతో మానసిక వైకల్యం ఉన్న పిల్లలు పెద్దవాళ్ళై, తల్లిదండ్రులు ముసలివాళ్ళైన ఇళ్ళు మన మధ్య ఉన్నాయి. "నేను పోయాక వీడినెవరు చూస్తారు" అని ఆ తల్లులు రాత్రిళ్ళు నిద్రపోరు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళకి, వయసు పద్దెనిమిది దాటాక, 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ ఉండే కమిటీ గార్డియన్‌ని నియమిస్తుంది. మీరు బతికుండగానే, ఒంట్లో ఓపిక ఉండగానే ఆ పని చేయించండి. అదే ట్రస్టు నిరామయ అనే బీమా కూడా ఇస్తుంది, లక్ష రూపాయల దాకా.

తుపాను మాట చెప్పకుండా మన జిల్లాలో ఏ సభా ముగియదు. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. ఎన్నో రోజులు కరెంటు లేదు. ఎయిర్ బెడ్, ఆక్సిజన్ మిషన్ కరెంటు పోతే ఆగిపోతాయి. కాబట్టి మందమైన ఫోమ్ పరుపు ఒకటి పక్కన ఉంచుకోండి. ఆక్సిజన్ వాడేవాళ్ళు సిలిండర్ ముందే మాట్లాడి పెట్టుకోండి. హెచ్చరిక రాగానే, నడవగలవాళ్ళ కంటే ఒక రోజు ముందు మంచం మనిషిని కదిలించాలి. మన వార్డులో ఎవరెవరింట్లో మంచం మనిషి ఉన్నారో ఒక కాగితం మీద రాసి, సెప్టెంబర్‌లోనే వార్డు మెంబర్‌కి ఇవ్వండి. వారం మందులు, డైపర్లు, ఒక యూరిన్ బ్యాగ్, కార్డుల నకళ్ళు ప్లాస్టిక్ కవర్లో కట్టి మంచం కిందే ఉంచండి.

ఇక మనం ఏం చేయాలన్నది. కేరళలో కోజికోడ్‌లో 1993లో డాక్టర్లు కొందరు కలిసి, నయం కాని జబ్బులవాళ్ళ నొప్పి తగ్గించే పని మొదలుపెట్టారు. తర్వాత ఇరుగుపొరుగే వలంటీర్లై ఇళ్ళకి వెళ్ళడం నేర్చుకున్నారు. 2008లో ఆ రాష్ట్రం దానికి ఒక విధానమే చేసింది. పంచాయతీ నర్సు ఇంటికి వస్తుంది అక్కడ. మనం అంత చేయలేకపోవచ్చు. ఈ సంఘంలో ఇంతమంది ఉన్నాం, వీధికి ఇద్దరు చాలు. వారానికి ఒక పూట ఆ ఇంట్లో కూర్చుంటే కోడలు బ్యాంకుకి వెళ్తుంది, గుడికి వెళ్తుంది, తన డాక్టరు దగ్గరకి వెళ్తుంది. పెద్దవాళ్ళు కాలం చేశాక వీల్‌చైర్లు, కమోడ్ కుర్చీలు, వాకర్లు మీ అటకల మీద దుమ్ము పట్టి ఉన్నాయి. తెచ్చి ఇక్కడ పెట్టండి, ఒక పుస్తకంలో రాసి అవసరమైనవాళ్ళకి ఇద్దాం, పనయ్యాక తిరిగి తీసుకుందాం. అర్జీలన్నీ ఒడియాలో ఉంటాయి, మన పెద్దవాళ్ళకి చదవడం రాదు, మన కాలేజీ పిల్లలకి వచ్చు. ఆదివారం పూట ఇక్కడ ఒక బల్ల వేసుకుని కూర్చోండి బాబూ. ఆధార్, రెండు ఫోటోలు, ఆసుపత్రి కాగితాలు తెస్తే నింపి పెట్టండి.

పుస్తకం ఆ తలుపు దగ్గరుంది, వెళ్ళేటప్పుడు పేర్లు రాయండి. ఇప్పుడు చెప్పడం ఆపి చూపిస్తాను. ఈ స్టేజీ మీద మంచం వేయించాను, నూలు చీర తెచ్చాను. బాబూ, నువ్వు వచ్చి పేషెంటులా పడుకో, ఒళ్ళు వదిలెయ్. తిప్పడానికి ముందు మగవాళ్ళు రండి, సూరత్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్ళెవరైనా ఉంటే మొదట వాళ్ళు. చేతులు కడుక్కుని రండి, సబ్బూ బకెట్టూ ఆ మూలనున్నాయి.